శివారులో ఇల్లు: అడ్వాన్సు ఇచ్చేముందు ఏం చూడాలి, చేరాక మొదట ఏం చేయాలి?

కొత్తవాకిలి:

నమస్కారం అండీ. ఊరి శివారులో చాలా ఇళ్లు చూశాక రెండు మిగిలాయి, వాటిలో ఒకటి తేల్చుకోవాలి. మొదటిది పన్నెండేళ్ల క్రితం కట్టిన విడి ఇల్లు. కింద, పైన ఒక్కో అంతస్తు. బోరు నీళ్లు, సెప్టిక్ ట్యాంకు, వీధి డ్రైనేజీ ఇంకా రాలేదు. రెండోది గేటెడ్ కమ్యూనిటీలో ఎనిమిదేళ్ల నాటి ఇల్లు. నీళ్లు, మురుగు, రోడ్లు అన్నీ అసోసియేషన్ చూసుకుంటుంది. విస్తీర్ణం దాదాపు సమానం. కాగితాల సంగతి లాయర్ చూస్తున్నారు కాబట్టి దాన్ని వదిలేయండి.

ఇంజినీర్‌ని పిలిచేముందు మనంతట మనం చేసుకోగల పరీక్షలేమిటి? అసోసియేషన్ సరిగ్గా నడుస్తోందో లేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? చేరిన మొదటి వారంలో ఏది ముందు, ఏది తర్వాత? "ఏరియా మంచిది", "ఫ్యూచర్ ఉంది" అన్న మాటలు బ్రోకర్ల దగ్గర చాలినన్ని విన్నాం. కొలతలతో చెబితే మేలు.

రసమట్టం:

ఇంట్లో అడుగుపెట్టకముందే సగం తేలిపోతుంది. లోపల చెడినవాటికి ఖర్చు కట్టి బేరంలో తగ్గించుకోవచ్చు. నేల పల్లం, రోడ్డు ఎత్తు, వాననీళ్లు పోయే దారి మాత్రం ఎంత పెట్టినా మారవు. అందుకని వీధిలోంచే మొదలుపెట్టండి.

గేటు ముందు నిలబడి రోడ్డు మట్టానికీ ఇంటి గచ్చుకీ మధ్య తేడా చూడండి. గచ్చు కనీసం ఒకటిన్నర అడుగు (45 సెం.మీ.) పైన ఉంటే చాలావరకు నిశ్చింత. పన్నెండేళ్ల ఇంటికి ఇది మరీ ముఖ్యం. పాత రోడ్డును గీకకుండా మీద మీదే పోస్తే ఒక్కో పూతకు 3 నుంచి 5 సెం.మీ. లేస్తుంది. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. కట్టినప్పుడు రెండు మెట్లున్న గేటు దగ్గర ఇప్పుడు ఒక్కటే కనిపిస్తోందంటే కారణం అదే. ఆ వీధిలో పక్కిళ్ల గేట్ల కింద కొత్తగా సిమెంటు గట్లు కట్టి ఉన్నాయేమో చూడండి. వరద గురించి మీరు ఎవరినీ అడగక్కర్లేదు, ఆ గట్లే చెబుతాయి.

ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలి ఉండాలి. మొదటి 10 అడుగుల దూరంలో 6 అంగుళాల వాటం ఉండటం మంచి పద్ధతి. గోడ వారగా నీళ్లు నిలిస్తే పునాది కింద మట్టి ఒకచోట నాని, ఇంకోచోట ఎండి, ఇల్లు ఒక మూల కుంగుతుంది. బంకమట్టి నేలయితే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అది తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. కాలనీ పడకముందు అక్కడ చెరువో వాగో ఉండేదేమో వెనక్కి జరిపి చూడండి. వాగును పూడ్చి ప్లాట్లు వేయవచ్చు, కానీ పెద్ద వాన పడినప్పుడు నీళ్లు పాతదారినే వెతుక్కుంటాయి.

ఇక పగుళ్లు. ప్రతి పగులుకీ కంగారుపడకండి, దేన్నీ తేలిగ్గా కొట్టిపారేయకండి. పిల్లరుకీ ఇటుక గోడకీ కలిసేచోట నిలువుగా వెంట్రుకవాసి గీత ఉంటే అది రెండు వేరువేరు సరుకులు వేరువేరుగా వ్యాకోచించడం వల్ల వచ్చినది. 1 మిల్లీమీటరు లోపు అయితే రంగులేసేటప్పుడు పూడ్చుకుంటే సరిపోతుంది. కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా ఏటవాలుగా పోయి, ఒకవైపు సన్నగా మరోవైపు వెడల్పుగా ఉంటే అది కుంగుబాటు కావచ్చు. 5 మిల్లీమీటర్లు దాటిందా, ఆ గదిలో తలుపులు పట్టేస్తున్నాయా, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వద్దు. బీము అడుగునో స్లాబు అడుగునో కమ్మీ వెంబడి సూటిగా పగిలి, తుప్పు మరక కారితే లోపల ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు తను పుట్టిన ఇనుము కంటే 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే పైన ఉన్న కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది. పైన సిమెంటు పూసినంత మాత్రాన అది ఆగదు.

చెమ్మకి: పైఅంతస్తు బాత్రూమ్ కింద ఉన్న గది కప్పు, ఓవర్‌హెడ్ ట్యాంకు కింది స్లాబు, సింకు కింది అల్మరా వెనకగోడ. ఈ మూడూ టార్చి వేసి చూడండి, లైటు గోడకి పక్కవాటుగా పడాలి. ఎదురుగా వేస్తే ఉబ్బులు కనపడవు. గోడ అడుగున తెల్లటి ఉప్పుపొర ఉంటే నీళ్లు గోడలోని లవణాల్ని కరిగించుకుని బయటికి వచ్చి ఆవిరైపోతున్నాయని అర్థం. దాని మీద లప్పం పెట్టి రంగేస్తే అదీ ఊడుతుంది. ముందు నీటి మూలం ఆపాలి, తర్వాత ఆరనివ్వాలి, ఆ తర్వాతే రంగు.

బాత్రూమ్ గచ్చు మీద ఒక మగ్గు నీళ్లు తలుపు దగ్గర పోయండి. తూము వైపు నడవాలి. మూలలో మడుగు కడితే వాటం సరిగా లేదు, టైల్స్ తీసి మళ్లీ వేయడం తప్ప దారి లేదు. టైల్స్‌ని నాణెంతో తట్టుతూ పోండి, గుల్లగా మోగినవి ఎక్కువ ఉంటే కింద సిమెంటు పట్టలేదు. ద్వారబంధాల అడుగున, మెట్ల కింద పెన్సిలంత లావు మట్టి గొట్టాలు ఉంటే చెదలు.

పంపుసెట్:

నీళ్ల గురించి నేను చెబుతాను. విడి ఇల్లు తీసుకునేటట్టయితే మీకు పనికొచ్చే పరీక్షలు ఇవి.

10 లీటర్ల బకెట్ పైఅంతస్తు షవర్ కింద పెట్టి టైమ్ చూడండి. ఒక నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్లు, స్నానానికి బాగానే ఉంటుంది. రెండు నిమిషాలు దాటితే ఇబ్బందే. అయితే ఒక్క కొళాయి తిప్పి చూసి సంతోషపడకండి, వంటగదిలో ఇంకోటి తిప్పి మళ్లీ కొలవండి. సగానికి పడిపోతే పైపు సన్నగా ఉండటమో లోపల పాచి, సున్నం పేరుకోవడమో జరిగింది. ట్యాంకు నుంచి వచ్చే ప్రెజర్ ఎత్తును బట్టే ఉంటుంది: 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్. టెర్రస్ మీద ట్యాంకు షవర్ కంటే 2 మీటర్లే పైన ఉంటే దక్కేది 0.2 బార్. కొత్త రకం షవర్లు, వాటర్ హీటర్ల డబ్బా మీద కనీస ప్రెజర్ రాసి ఉంటుంది. దాన్ని దీనితో పోల్చుకోండి, లేకపోతే ప్రెజర్ పంపు ఖర్చు కలుపుకోండి.

టీడీఎస్ మీటరు చూపించి "నీళ్లు బంగారం" అంటే నమ్మకండి. అది కరిగిన లవణాల మొత్తాన్నే చూపిస్తుంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు రుచికి బాగుంటుంది, 1000 దాటితే తాగబుద్ధి కాదు. బ్యాక్టీరియా, నైట్రేట్, ఫ్లోరైడ్ ఉన్నాయో లేదో ఆ మీటరు చెప్పదు. బోరు నీళ్లయితే ల్యాబ్‌కి ఇచ్చి ఇవి విడిగా పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి ఫ్లోరైడ్‌కి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్‌కి 50. బ్యాక్టీరియా పరీక్షకి ల్యాబ్ వాళ్లిచ్చిన శుభ్రమైన సీసాలోనే పట్టాలి. తాగి పారేసిన వాటర్ బాటిల్‌లో పడితే ఆ బాటిల్‌ని పరీక్షించినట్టు అవుతుంది.

కాఠిన్యం, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు, వేరే సంగతి. లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే చాలా గట్టినీళ్ల కింద లెక్క. గీజర్ లోపల, షవర్ రంధ్రాల్లో తెల్లటి పొర కడుతుంది. ఆ ఇంట్లో కొళాయి మూతులు చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది.

సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, మూత తీయడానికి వీలుందా, ఆఖరుసారి ఎప్పుడు తీయించారు, ఈ మూడూ అడగండి. మామూలు కుటుంబానికి 3 నుంచి 5 ఏళ్లకోసారి తీయించాలి. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అవసరం పడలేదు" అని గర్వంగా చెబితే అనుమానించాల్సిన మాట అది. ట్యాంకులో మడ్డి నిండాక అది ఇంకుడు గుంత (ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు నేలలో ఇంకే గొయ్యి) లోకి పోయి మట్టి రంధ్రాలు పూడుస్తుంది, అప్పుడు గుంతే కొత్తగా తవ్వాలి. పరీక్ష ఏమిటంటే అన్ని కొళాయిలూ పావుగంట వదిలి, పైన ఫ్లష్ చేసి, కింద బాత్రూమ్ తూము దగ్గర వినండి. గుడగుడలాడితే, నీళ్లు పైకి తన్నితే దారి మూసుకుపోతోంది. బోరుకీ ఇంకుడు గుంతకీ దూరం కొలవండి. చాలాచోట్ల కనీసం 15 మీటర్లు అడుగుతారు, ఇసుక నేలయితే ఇంకా ఎక్కువ ఉండాలి. పక్కింటి గుంత కూడా లెక్కలోకి వస్తుందండీ, దాన్ని అందరూ మరచిపోతారు.

మినిట్స్‌పుస్తకం:

రెండో ప్రశ్నకి. అసోసియేషన్ మంచిచెడ్డలు క్లబ్‌హౌస్‌లో కనపడవు, లెక్కల్లో కనపడతాయి. అమ్మేవాళ్ల ద్వారా నాలుగు కాగితాలు తెప్పించుకోండి: ఆడిట్ అయిన గత మూడేళ్ల లెక్కలు, ఈ ఏడు బడ్జెట్, గత రెండేళ్ల మీటింగుల మినిట్స్ (ఏం చర్చించారో రాసిన పుస్తకం), బైలాస్ (అసోసియేషన్ నియమావళి). ఇవ్వడానికి వెనకాడితే అదీ ఒక జవాబే.

మొదట చూడాల్సింది బకాయిలు. వంద ఇళ్లలో ఇరవై ఇళ్లు మెయింటెనెన్స్ కట్టకపోతే మిగతా ఎనభై ఇళ్ల మీద భారం 25 శాతం పెరుగుతుంది. అలా పెంచరు కాబట్టి అంతకు ముందే ఏదో ఒక పని ఆగిపోతుంది, సాధారణంగా కంటికి కనపడనిది: మురుగు శుద్ధి ప్లాంటు, జనరేటర్ సర్వీసు, ట్యాంకుల శుభ్రం.

తర్వాత సింకింగ్ ఫండ్, అంటే పెద్ద వస్తువులు మార్చడానికి ముందునుంచీ దాచే డబ్బు. పెద్ద వస్తువుల జీవితకాలంలో గడిచిన వంతు డబ్బు ఫండ్‌లో చేరి ఉండాలి. 20 ఏళ్లు పనిచేసే పరికరానికి 8 ఏళ్లు నిండితే దాన్ని మార్చే ఖర్చులో 40 శాతం ఇప్పటికే దాచి ఉండాలి. పంపులు, శుద్ధి ప్లాంటు, ప్రహరీ, రోడ్లు, ఇలా ఒక్కోదానికీ లెక్కేసి మొత్తం కూడండి, బ్యాంకులో ఉన్నదానితో పోల్చండి. లోటు ఉంటే అది మీరు చేరాక "స్పెషల్ కలెక్షన్" పేరుతో వస్తుంది. మెయింటెనెన్స్ తక్కువ అని మురిసిపోయే కమ్యూనిటీల్లో ఇదే తరచుగా జరుగుతుంది.

మినిట్స్‌ని వెనక నుంచి ముందుకి చదవండి. ఒకే విషయం, ఉదాహరణకి సెల్లార్‌లో నీళ్లు, ఏడాదిలో ప్రతి మీటింగులోనూ "తదుపరి సమావేశంలో చర్చ" అని ఉంటే ఆ సమస్య మీరు చేరాక కూడా అలాగే ఉంటుంది. బిల్డర్ మీద కేసులు, ఉమ్మడి స్థలాల అప్పగింత పూర్తయిందా లేదా అన్నది కూడా అందులోనే దొరుకుతుంది. బైలాస్‌లో వెతకాల్సినవి: అద్దెకిచ్చే షరతులు, పెంపుడు జంతువులు, రెండో కారు పార్కింగు, ఇంటి ముందుభాగంలో మార్పులు, ఇంట్లోంచి వృత్తి నడుపుకోవడం. చేరాక "మాకు తెలియదు" అంటే ఒప్పుకోరు.

అమ్మేవాళ్ల బకాయి లేదని అసోసియేషన్ రాసిచ్చిన నో డ్యూస్ కాగితం రిజిస్ట్రేషన్‌కి ముందే చేతిలో ఉండాలి. తర్వాత ఆ బకాయి ఇంటి మీదే ఉంటుంది, కాబట్టి మిమ్మల్నే అడుగుతారు.

కొత్తవాకిలి:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. రెండు అనుమానాలు. విడి ఇల్లు కొంతకాలంగా ఖాళీగా ఉంది, కింది బాత్రూమ్‌లో మురుగు వాసన వస్తోంది. ఇది సెప్టిక్ సమస్యేనా? ఇంకోటి, కమ్యూనిటీ ఇంట్లో ఒక్క హాలు కప్పుకే కొత్త రంగు వేసి ఉంది, మిగతా గదులకి పాత రంగే.

రసమట్టం:

వాసన గురించి ముందు తేలికైన కారణం చూడండి. గచ్చు తూము కింది గిన్నెలాంటి ఫ్లోర్ ట్రాప్‌లో సుమారు 50 మిల్లీమీటర్ల లోతు నీళ్లు నిలిచి ఉండాలి, ఆ నీళ్లే మురుగు గాలిని అడ్డుకుంటాయి. ఇల్లు వారాల తరబడి మూసి ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ప్రతి తూములో రెండు మగ్గులు పోసి, కిటికీలు తెరిచి గాలి మారాక తలుపు వేసేయండి, గంట తర్వాత వెళ్లి చూడండి. పోతే సమస్య లేదు. మళ్లీ వస్తే, దూరంగా ఎక్కడో ఫ్లష్ చేసినప్పుడు ఆ ట్రాప్‌లో నీళ్లు లోపలికి లాగబడుతున్నాయేమో గమనించండి, అలా అయితే మురుగు పైపుకి గాలి ఆడించే వెంట్ పైపు లేకపోవడమో మూసుకుపోవడమో కారణం. రెండూ కాకపోతే పంపుసెట్ గారు చెప్పిన పరీక్ష చేయించండి.

హాలు కప్పుకి మాత్రమే రంగు ఎందుకేశారో నేరుగా అడగండి. పైన బాత్రూమ్ గానీ బాల్కనీ గానీ ఉంటే లీకు దాచినట్టే అనుకుని మొదలుపెట్టండి. పై బాత్రూమ్ తూముకి బిరడా పెట్టి అంగుళం (25 మిల్లీమీటర్లు) నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచితే తేలుతుంది. నీటి మట్టం ఎక్కడుందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి, గడపకి కింద ఉండేలా చూసుకోండి. మర్నాడు కింద కప్పు దగ్గర చేతికి తడి తగిలినా, గీత నుంచి నీళ్లు బాగా దిగినా వాటర్‌ప్రూఫింగ్ పోయింది. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ పని ఖర్చు బేరంలో తీసేయండి.

దారిలెక్క:

ఇల్లు ఎంత బాగున్నా దారి బాగుండకపోతే ఆర్నెల్లలో విసుగొస్తుంది. దారిలో అరగంట ఎక్కువ పట్టేచోట చేరితే, వెళ్లిరావడం రెండుసార్లు, నెలకి 22 పనిదినాలు: నెలకి 22 గంటలు. మ్యాప్ చూపించే సగటు సమయం నమ్మకండి. పనిరోజున మీరు బయల్దేరే గంటలోనే వెళ్లి, మీరు తిరిగొచ్చే గంటలోనే రండి. కాలనీ నుంచి పెద్ద రోడ్డెక్కే ఒక్క మలుపు దగ్గరే పదిహేను నిమిషాలు పోయే చోట్లు చాలా ఉంటాయి. బయటికి రెండు దారులున్నాయా, ఒకటే ఉందా అన్నది కూడా చూడండి. ఒకటే ఉంటే అది తవ్వినప్పుడు కాలనీ అంతా ఇరుక్కుపోతుంది.

రాత్రి పదిన్నర తర్వాత ఒకసారి వెళ్లి పడకగది కిటికీ తెరిచి కూర్చోండి. పగలు వినపడని హైవే రాత్రి వినిపిస్తుంది. పంపుల గది, జనరేటర్, శుద్ధి ప్లాంటు ఏవైపున్నాయో, గాలి ఎక్కువగా ఎటునుంచి వీస్తుందో కలిపి చూడండి. తలుపులన్నీ మూసి ఫోన్ సిగ్నల్ చూడటం మరిచిపోకండి, ఫైబర్ ఆ వీధి దాకా వచ్చిందా అని ఏజెంటుని కాకుండా పక్కింటివాళ్లని అడగండి.

పడమటి కిటికీలు కూడా చూడండి. మధ్యాహ్నం దాటాక ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి పైన సజ్జ ఉన్నా ఆపలేదు. నిలువు అడ్డు, అంటే చెట్టో బయట తెరో కావాలి.

ఫ్యూజ్‌బాక్స్:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. సామాను రాకముందు, ఇల్లు ఖాళీగా ఉండగా చేయాల్సినవి వేరు, వచ్చాక చేసేవి వేరు.

ఖాళీగా ఉండగా: తాళం మొత్తం మార్చక్కర్లేదు, సిలిండర్ (తాళంచెవి దూరే భాగం) మారిస్తే పాత తాళంచెవులు పనిచేయవు. రంగులు, ఫ్లోర్ పాలిష్, చెదల మందు, కిటికీ వలలు ఇప్పుడే. కరెంటు, నీళ్ల మీటర్ల రీడింగు తేదీతో ఫొటో తీయండి. తర్వాత బిల్లు గొడవ వస్తే ఆ ఫొటోయే సాక్ష్యం. ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి కొళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదలండి, కిటికీలు తెరిచి, షవర్ తుంపర ముఖాన పడకుండా. పైపుల్లో నిలిచిన గోరువెచ్చని నీళ్లలో, సుమారు 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య, తుంపరతో ఊపిరితిత్తుల్లోకి చేరి జబ్బు చేసే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. గీజర్‌ని 60 డిగ్రీలకి పెట్టి ఒకసారి పూర్తిగా వేడి చేయండి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. పడితే ఆ పరికరం పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది, ఎర్తింగ్ బాగున్నట్టు కాదు. ఎర్తింగ్‌ని ఎలక్ట్రీషియన్ మీటరుతో కొలవాలి. మనుషుల రక్షణకి 30 మిల్లీఆంపియర్లది కావాలి, బోర్డులో 100 లేదా 300 ఒక్కటే ఉంటే అది అగ్నిప్రమాదం కోసం పెట్టినది. పాత ఇంట్లో గీజరూ ఏసీ కలిపి వేసి వోల్టేజీ చూడమనండి, బాగా పడిపోతే వైరు సన్నగా ఉండటమో జాయింటు వదులుగా ఉండటమో జరిగింది. వదులు జాయింటే ఎక్కువ ప్రమాదం, అక్కడే వేడెక్కి కాలుతుంది.

మెయిన్ వాల్వు, మెయిన్ స్విచ్ ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ చూపించి చీటీ అంటించండి. కొళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు రాసుకుని రెండు గంటల తర్వాత చూడండి, అంకె కదిలితే ఎక్కడో లీకు. ఫ్లష్ ట్యాంకులో కొంచెం ఫుడ్ కలర్ కలిపి 20 నిమిషాలు వదిలేసినా సరే, కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ పోయింది.

సామాను లారీ పిలిచేముందు ఫ్రిజ్, సోఫా, బీరువా కొలతలు ద్వారబంధంతోనే కాదు, మెట్ల మలుపుతో కూడా పోల్చండి. తలుపులో పట్టింది మలుపులో ఇరుక్కుంటుంది. కమ్యూనిటీలో అయితే లారీకి ముందుగా అనుమతి, గేటు ఎత్తు, సామాను దించే వేళలు అడిగి పెట్టుకోండి.

గోడకి మేకులు కొట్టేటప్పుడు స్విచ్‌బోర్డుకీ కొళాయికీ సరిగ్గా పైన, సరిగ్గా కింద, అదే వరుసలో అడ్డంగా డ్రిల్ పెట్టకండి. వైర్లూ పైపులూ సాధారణంగా ఆ గీతల్లోనే పోతాయి.

మినిట్స్‌పుస్తకం:

ఫ్యూజ్‌బాక్స్ గారి జాబితాకి ఒకటి కలుపుతాను. చేరిన వెంటనే ఎడమ, కుడి, ఎదురిళ్లవాళ్లని పలకరించి మూడు విషయాలు అడగండి: చెత్త ఏరోజు ఏవేళకి, నీళ్లు లేదా కరెంటు ఎప్పుడెప్పుడు ఆగుతాయి, ఏ ప్లంబరు, ఎలక్ట్రీషియన్ సమయానికి వస్తారు. రిపేరు పనులుంటే డ్రిల్లింగ్ వేళలు ముందే చెప్పండి. పార్కింగు గీతల మీద మొదటి నెల గొడవ పెట్టుకోవద్దు. ముందు కేటాయింపు కాగితం చూసుకోండి, అది లేనిచోట అలవాటే హక్కుగా చలామణీ అవుతుంటుంది. కమిటీ పదవి మొదటి ఏడాది తీసుకోకండి, కానీ సర్వసభ్య సమావేశానికి మాత్రం తప్పకుండా వెళ్లండి, ఎందుకంటే సింకింగ్ ఫండ్ పెంచాలా వద్దా అన్న ఓటు అక్కడే పడుతుంది.

కొత్తవాకిలి:

అర్థమైందండీ. విడి ఇంటికి నీళ్ల పరీక్ష, సెప్టిక్ పరీక్ష. కమ్యూనిటీ ఇంటికి పై బాత్రూమ్‌లో నీళ్లు నిలపడం, మూడేళ్ల లెక్కలు. ఈ నాలుగూ తేలాకే అడ్వాన్సు. ల్యాబ్‌కి నీళ్లు ఉదయం పట్టాలా, ఎప్పుడైనా పట్టవచ్చా?

పంపుసెట్:

బోరు పరిస్థితి తెలియాలంటే మోటారు వేసి పది నిమిషాలు నడిచాక, ట్యాంకులోకి పోకముందు పంపు దగ్గర పట్టండి. పైపుల్లోంచి వచ్చే లోహాలు తెలియాలంటే పొద్దున్నే ఎవరూ కొళాయి తిప్పకముందు వచ్చే మొదటి నీళ్లు పట్టాలి. రెండు వేరు సీసాలు, రెండు చీటీలు. బ్యాక్టీరియా సీసాని ఐస్ పెట్టెలో పెట్టి ఎంత త్వరగా అందిస్తే అంత మంచిది, 24 గంటలు దాటితే ఆ ఫలితాన్ని నమ్మలేం. శనివారం పట్టకండి, ఆదివారం ల్యాబ్ మూసి ఉంటుందేమో ముందు కనుక్కోండి.